ముత్తయ్య ఇంటి కిటికీ రెక్కలు

ఎవరి కోసం

కర్రపనిలోకి వచ్చే పిల్లల కోసం నాలుగు ముక్కలు రాసిమ్మని మా చెల్లెలి మనవరాలు అఫ్రీన్ అడిగింది. ఆ పిల్ల ఖమ్మంలో ఇళ్లకు లోపలి పనులు చేయించే ఒక ఆఫీసులో ఈ మధ్యనే చేరింది. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లెవరో వచ్చి, కిటికీలకు చెక్క రెక్కలు పెట్టించుకుంటే ఇంటికి ఏం లాభమని అడిగారట. ఆఫీసులో ఒక్కరికీ జవాబు తెలియలేదట. "తాతా, నువ్వు జిందగీ అంత గవే చేసినవ్ గదా, నువ్వే చెప్పు" అంది.

చెప్తాను. కానీ ముందే ఒక మాట. ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఎవరూ లేరు. జూలూరుపాడులో నేనూ వెంకటాచారీ కలిసి ఏళ్ల తరబడి నడిపిన దుకాణంలో ఇప్పుడు అల్యూమినియం కిటికీలు అమ్ముతున్నారు. మా పేర్లున్న బోర్డును తీసి, వెనక్కి తిప్పి, దాని మీదే వాళ్ల పేరు రాయించుకున్నారు. మంచి మద్ది చెక్క అది, పారేయబుద్ధి కాలేదేమో. కాబట్టి ఇది చదివి ఎవరో ఉలి పడతారన్న ఆశేం నాకు లేదు. అడిగింది కనుక రాస్తున్నాను. రాస్తుంటే కడుపులో ఉన్నది కూడా బయటికొస్తుంది, దానికి నేనేం చెయ్యలేను.

నా పేరు యాకూబ్. మా తాత, మా నాన్న అందరూ వడ్రంగులే. వెంకటాచారిదీ తరాల నాటి వడ్రంగి కుటుంబమే. అయినా వాళ్ల నాన్న వాణ్ణి తెచ్చి మా నాన్న దగ్గరే పనిలో పెట్టాడు. కన్నవాడి దగ్గర చనువు ఎక్కువై పని రాదని ఆయన నమ్మకం. అట్లా ఇద్దరం ఒకే బల్ల దగ్గర నిలబడి నేర్చుకున్నాం. నాకు నోరెక్కువ, వాడికి చెయ్యెక్కువ. దుకాణానికి వచ్చినవాళ్లతో నేను మాట్లాడుతుంటే వాడు వెనక నుంచి పని కానిచ్చేవాడు.

రెక్క చేసే పని

పరదా ఎండను గదిలోకి వచ్చాక ఆపుతుంది. రెక్క బయటే ఆపుతుంది. తేడా ఇంతే. కానీ మా వైపు మే నెలలో, మధ్యాహ్నం పూట మనిషి ఇంట్లో పడుకోగలడా లేదా అన్నది ఈ తేడా మీదే ఉంటుంది. అద్దం అయితే వెలుతురుతో పాటు వేడిని కూడా లోపలికి రమ్మంటుంది, వచ్చినదాన్ని మళ్లీ పోనివ్వదు. చెక్క అట్లా కాదు. బయటి వైపు చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, లోపలి వైపు పెడితే ఏమీ ఉండదు.

మంచి రెక్క అంటే ఒట్టి పలక కాదు. చట్రంలో సన్నపు పలకలను ఏటవాలుగా, ఒకదాని కింద ఒకటి పేర్చాలి. మా నాన్న దాన్ని ఝిల్‌మిలీ అనేవాడు. పలక బయటి అంచు కిందికి వాలాలి, లోపలి అంచు పైకి లేవాలి. ఎండ పైనుంచి వస్తుంది కనుక లోపలికి దూరదు. గాలికి ఆ బాధ లేదు, దూరుతుంది. వాన నీళ్లు బయటికే జారతాయి. ఈ వాలును తిరగేసి బిగించిన ప్రబుద్ధులను కూడా చూశాను. మొదటి వానకే ఆ ఇంటి పరుపులు తడిసిపోయాయి.

కిటికీకి రెండు రెక్కలు కాదు, నాలుగు పెట్టించుకోండి. కింద రెండు, పైన రెండు. మా ఇళ్లల్లో ఆడవాళ్లు కింది రెక్కలు మూసి, పైవి తెరుచుకునేవాళ్లు. దారిన పోయేవాడి చూపు లోపలికి పడదు, వెలుతురుకు మాత్రం లోటుండదు. ఇప్పుడు పెట్టే జరుపుడు కిటికీ ఎంత జరిపినా సగమే తెరుచుకుంటుంది. మిగతా సగం దండగ. పైగా దాన్ని జరపడం మా ఊరి కోతులు నేర్చుకున్నాయి. లోపలికొచ్చి డబ్బాల మూతలు తీసి మరీ తిని పోతున్నాయి. చెక్క రెక్కకు లోపల గడియ వేస్తే కోతి ఎంత గుంజినా రాదు.

ఇంకొకటి గుర్తు పెట్టుకోండి, ఎవరూ చెప్పరు. చెక్క వానకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. ఎండల్లో బిగించే రెక్కకు చుట్టూ రూపాయి బిళ్ల దూరేంత సందు వదలాలి. వానల్లో బిగించేటప్పుడు గోరు కూడా దూరనివ్వొద్దు. ఇంటాయన వచ్చి సందేంటని అరుస్తాడు. అరవనివ్వండి. వాన పడ్డాక ఆయనే నోరు మూసుకుంటాడు.

లోపాలు లేవని నేననను. ఏటా నూనె పట్టించాలి. గోడలో తేమ ఉంటే చెద పడుతుంది. మంచి చెక్క దొరకడం కష్టం, దొరికినా దాన్ని చెయ్యగలవాడు దొరకడు. ఈ చివరిదానికి మందు లేదు.

సత్తుపల్లి సేటు

పెళ్లయిన కొత్తలో కొన్నాళ్లు సత్తుపల్లిలో ఒక సేటు దగ్గర పని చేశాను. తలుపులు, కిటికీలు చేసి అమ్మే పెద్ద దుకాణం ఆయనది. నోరు చెడ్డది, చెయ్యి మంచిది. ఆయన దగ్గర నేను నేర్చుకున్న సంగతి ఒక్కటే. కిటికీ కొలత తీసుకోవడానికి పోయినప్పుడు గోడను చూడకముందు ఇంట్లో మనుషులను చూడమనేవాడు. ముసలివాళ్లుంటే గడియ కింద పెట్టు, చంటిపిల్ల ఉంటే పైన పెట్టు, రోగి ఉంటే మంచం ఎటు వేస్తారో అడుగు అనేవాడు. "కిటికీ గోడకు కాదురా, మంచానికి" అని తిట్టి మరీ చెప్పేవాడు.

తర్వాత అక్కడ బొగ్గు గనులొచ్చాయి. భూమిలో పేలుడు పెట్టినప్పుడల్లా ఇళ్లు అదిరేవి. కొత్తగా అద్దాల కిటికీలు పెట్టించుకున్నవాళ్లు వరసగా వచ్చి పాత రెక్కలు ఉన్నాయా అని అడిగారు. సేటు నవ్వి, ఉన్నాయనేవాడు. చెక్క రెక్క అదిరితే కాసేపు గలగలలాడి ఊరుకుంటుంది. ఆ గలగలకు ఇంట్లో పసిపిల్లలు కూడా అలవాటుపడి లేవడం మానేశారు. ఆయన పోయాక కొడుకులు ఆ జాగాను బట్టల దుకాణానికి కిరాయికిచ్చారు.

ఒక కాంట్రాక్టరు దగ్గర కూడా పని చేశాను, అడవి వైపు పిల్లల హాస్టలు కట్టేటప్పుడు. చెక్క రెక్కలని కాగితం మీద ఉంటే ఆయన ఇనుప రేకులు బిగించాడు. ఎందుకయ్యా అంటే చెద పట్టదుగా అన్నాడు. ఎండాకాలంలో ఆ రేకును పిల్లలు చేత్తో ముట్టుకోలేక కర్రతో నెట్టి మూసేవాళ్లు. మూస్తే గది పెనంలా కాలేది, తెరిస్తే ఎండ మంచాల మీద పడేది. అప్పుడు నేను చూసి ఊరుకున్నాను. నా ఇల్లు కాదు, నా పిల్లలు కాదు. అదే ఇనుప రేకు మళ్లీ నాకు తెలిసినవాళ్ల ఇంట్లో కనిపిస్తుందని అప్పుడు అనుకోలేదు.

సమ్మక్క

కుంజా ముత్తయ్యది అడవిలో ఉన్న ఒక గుంపు. పది పదిహేను కోయ ఇళ్లుంటాయి. పోడు వ్యవసాయం, తునికాకు, ఇప్పపువ్వు, లేదంటే మిర్చి కోత కూలి. ఒకసారి వేసవికి ముందు మా దుకాణానికి వచ్చి, గుమ్మం బయటే చాలాసేపు నిలబడ్డాడు. లోపలికి పిలిచి ఏం కావాలని అడిగాను.

అతని కూతురు సమ్మక్కకు సికిల్ సెల్ అని చెప్పాడు. రక్తంలో కణాలు కొడవలిలా వంకర తిరిగి, ఎక్కడికక్కడ ఇరుక్కుపోయే జబ్బు అది. పుట్టుకతోనే వస్తుంది. అడవి ఊళ్లల్లో చాలామందికి ఉంది. ఎండ దెబ్బ తగిలినా, ఒంట్లో నీళ్లు తగ్గినా ఎముకల్లో నొప్పి లేస్తుంది. ఆ నొప్పికి పిల్ల కేకలు వేసి వేసి సొమ్మసిల్లుతుందని చెబుతూ ముత్తయ్య నేల చూపులు చూశాడు.

"డాక్టరమ్మ మందులిచ్చింది. నీళ్లు తాపియ్యి, సల్లటి జాగల ఉంచు అన్నది. సల్లటి జాగ యాడ తేవాలె మేస్త్రీ? పడమటి దిక్కు కిటికొకటి ఉన్నది, దాంట్లకెళ్లే ఎండ" అన్నాడు.

నేను సేటు చెప్పినట్టే అడిగాను, మంచం ఎటు వేస్తారని. పోయి చూసొచ్చాం. మట్టి గోడలు, గడ్డి కప్పు, మంచి ఇల్లే. పడమటి కిటికీ ఒక్కటే బాధ. అంతకు ముందు కూసుమంచి వైపు ఒక పాత ఇల్లు కూలగొడుతుంటే దాని తలుపుల టేకు చెక్క కొన్నాను. ముదురు టేకు, ఆకుపచ్చ రంగు వేసి ఉంది. దాంతో నాలుగు రెక్కల కిటికీ చేశాం. రంగు గీకకుండా అట్లాగే ఉంచమని ముత్తయ్య భార్యే అడిగింది, ఆమెకు ఆ పచ్చరంగు నచ్చింది.

ఆ వేసవి సమ్మక్కకు నొప్పి లేవలేదు. ఆ తర్వాతి వేసవీ లేవలేదు. కిటికీ వల్లే అని నేనెప్పుడూ అనలేదు. మందులు వేసుకుంటోంది, కుండెడు నీళ్లు తాగుతోంది. కానీ ముత్తయ్య మాత్రం ఊళ్లో కనపడిన ప్రతివాడికీ కిటికీ గురించే చెప్పేవాడు. ఆ దారిన పోయినప్పుడల్లా నేనూ ఆగేవాణ్ణి. వేసవి సెలవులకు హాస్టలు నుంచి వచ్చిన పిల్ల మంచం మీద పడుకుని చదువుకుంటూ ఉండేది. పలకల సందుల్లోంచి వెలుతురు చారలు చారలుగా గదిలో పడేది. ఆ చారలను చూసి ఆ పిల్ల పొద్దు చెప్పేది. చారలు మంచం కోడు దగ్గరికి వస్తే అమ్మ కూలి నుంచి వచ్చే వేళ. గోడెక్కితే మేకలు ఇంటికొచ్చే వేళ.

"తాతా, హాస్టల్ల గూడ గిట్లాంటి కిటికి పెట్టరాదు? ఆడ పొద్దు తెల్వక బెల్లు కొట్టిందాక కూసుంటున్నం" అంది ఒకసారి. పెడతానన్నాను. ఎవరు పెట్టనిస్తారు?

చిత్రిక

రెండేళ్ల కిందట ఆ ఇంటి గోడ ఒకవైపు జారింది. పైగా వానకాలంలో ఆ గుంపుకు అంబులెన్సు రాదు, వాగు అడ్డం. పిల్లకు ఏమన్నా అయితే మంచం మీద మోసుకుని రోడ్డెక్కాలి. అందుకని రోడ్డు పక్కన కాలనీలో ప్రభుత్వ ఇల్లు మంజూరైతే ముత్తయ్య ఎగిరి గంతేశాడు. పిల్ల కోసమే మారాడు. ఇదెవరూ మరిచిపోవద్దు.

కొత్త ఇంటికి పోయి చూశాను. పైన స్లాబు. పడమటి గదిలో ఒకే కిటికీ, దానికి ఇనుప రేకు. చూడగానే నాకు హాస్టలు గుర్తొచ్చింది. పాత ఇంటి రెక్కలు తెచ్చి ఇక్కడ బిగిద్దామన్నాను. ముత్తయ్య అప్పటికే అదే అనుకుంటున్నాడు. కొత్త కిటికీ కాస్త చిన్నది, రెక్కల అంచులు కోసి సరిచెయ్యాలి.

దుకాణం అప్పటికే మూసేశాం. నా మోకాళ్లు వంగవు. ఎండలు మొదలైన రోజుల్లో వెంకటాచారి సంచిలో సామాను వేసుకుని గుంపుకు వెళ్లి, రెక్కలు ఊడదీసి, ఆ ఇంటి ముందే కూర్చుని పని చేశాడు. ఇక్కడే మా అలవాటు మా కొంప ముంచింది.

మా నాన్న దగ్గర ఒక నియమం ఉండేది. ఏ పాత తలుపైనా, పాత రెక్కైనా మన చేతికి వచ్చిందంటే చిత్రిక పట్టకుండా తిరిగి పంపకూడదు. మన చెయ్యి పడిందని తెలియాలి. వెంకటాచారికి అది ఒంట్లో ఇంకిపోయింది. అంచులు కొయ్యడంతో ఆగలేదు. పచ్చరంగంతా చిత్రికతో లేపేశాడు. పాత మేకుల బెజ్జాలను రంపపు పొట్టు, జిగురు కలిపి పూడ్చాడు. పాత బందుల మచ్చలు కూడా కనపడకుండా నున్నగా చేశాడు. కొత్త ఇల్లు కదా, కొత్తగా ఉండాలనుకున్నాడు. నేను ఆటోలో అక్కడికి చేరేసరికి రెక్కలు పసుపు పచ్చగా మెరుస్తున్నాయి, టేకు వాసన ఘుమ్మని వస్తోంది. చూసి మురిసిపోయాను. నేనైనా అదే చేసేవాణ్ణి. ఈ ప్రాంతంలో వడ్రంగి ఎవడైనా అదే చేస్తాడు.

గేటు

ఆటోలో నేనూ, ముత్తయ్యా, రెక్కలు. వెనక బండి మీద వెంకటాచారి. దారిలో అడవి శాఖ గేటు దగ్గర ఆపారు.

అక్కడున్న బీటు ఆఫీసరు కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి. మర్యాదగానే మాట్లాడింది. రెక్క మీద చెయ్యి వేసి రాసింది, వాసన చూసింది. తాజా టేకు అంది. దుంగలు పట్టుకోవడం ఎక్కువయ్యాక దొంగలు వాటిని తలుపులుగా, కిటికీలుగా చేసి దాటించడం మొదలుపెట్టారట. మా నలభై ఏళ్ల పనితనం ఆ అమ్మాయి కళ్లకు దొంగసొత్తులా కనపడింది. ఆమెను తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఆమె స్థానంలో నేనున్నా పట్టుకునేవాణ్ణే.

పాతవని రుజువు చూపిద్దామని రెక్కను తిప్పాను. మేకు బెజ్జం ఒక్కటి కనపడితే చాలు. వెంకటాచారి ఒక్కటీ మిగల్చలేదు. రంగు మరక కోసం పలకల సందుల్లో వెతికాను. సందుల్లో కూడా ఉప్పుకాగితం పెట్టి రుద్దాడు మహానుభావుడు. వాడు పక్కనే నిలబడి చూస్తున్నాడు. ఆ పచ్చరంగే ఆ రెక్కలకు కాగితం. దాన్ని మేమే చేజేతులా చెక్కేశాం.

ముత్తయ్య చేతులు జోడించాడు. "మేడం, నా బిడ్డకు పానం బాగలేదు. గీ రెక్కలు ఆమె పండే అర్రకే" అన్నాడు.

"గట్లనే చెప్తరన్నా అందరు" అంది ఆ అమ్మాయి. కసురుకుని కాదు. అలిసిపోయిన గొంతుతో అంది.

అప్పుడు నాకు తట్టింది. చిత్రిక పట్టిన పొట్టు గుంపులో ఇంటి ముందే పడి ఉంటుంది, దాని మీద పచ్చరంగు ఉంటుంది, చారెడు తెచ్చి చూపిస్తే నమ్ముతుంది. ముత్తయ్యను, రెక్కలను అక్కడే దింపి, ఆగమని చెప్పి ఆటో వెనక్కి తిప్పించాను. పోయేసరికి ముత్తయ్య భార్య పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఇల్లు వదిలేముందు ఆఖరి అన్నం అక్కడే వండుకుందామని పొట్టంతా పొయ్యిలోకి ఎగదోసింది. బాగా మండిందని కూడా చెప్పింది. నేను ఉత్త చేతులతో గేటు దగ్గరికి తిరిగొచ్చాను.

రెక్కలు అడవి శాఖ రేంజి ఆఫీసుకు చేరాయి.

వచ్చే వారం

ఆ ఆఫీసులో ఒక్కరు కూడా ఇవ్వమని అనలేదు. ఆ మాట ముఖం మీద చెప్పేసినా బాగుండేది. పాత చెక్కేనని తేలితే వదిలేస్తామన్నారు. తేల్చేవాడు శిక్షణకు పోయాడన్నారు. వచ్చే వారం రమ్మన్నారు. పోతే మళ్లీ వచ్చే వారం అన్నారు. ప్రతిసారీ ముత్తయ్యా, నేనూ ఇక వచ్చేస్తాయనే నమ్మకంతో తిరిగొచ్చాం.

ఈ లోపల వేరే రెక్కలు చేస్తే ఏమయ్యేదని మీరు అడుగుతారు. నేనూ రోజూ అడుగుతున్నాను. వేపచెక్కతోనైనా, మామిడి చెక్కతోనైనా చెయ్యొచ్చు. ఇవాళ కాకపోతే రేపు అవే వస్తాయి కదా, మళ్లీ రెండోవి ఎందుకని అందరం అనుకున్నాం. వెంకటాచారి ఉలి ముట్టుకోలేదు. ఏదన్నా చెయ్యమంటే, నేను చేసింది చాలదా అనేవాడు. పని నేర్చుకోవాలనుకునే పిల్లలెవరైనా ఉంటే ఈ ఒక్క ముక్క రాసి పెట్టుకోండి. వచ్చే వారం అన్న మాట విని ఇవాళ్టి పని ఆపుకోవద్దు.

ముత్తయ్య వెదురు తడిక కట్టి నీళ్లు చల్లాడు. కోతులు పీకేశాయి. గోనెసంచులు తడిపి వేలాడదీశాడు. ఆ వడగాలి ముందు అవి చూస్తుండగానే ఎండిపోయేవి. రేకు మూస్తే ఉడుకు, తెరిస్తే మంట. పైన స్లాబు వేడి ఉండనే ఉంది, అదంతా కిటికీదే తప్పని నేననను. సెలవులకు వచ్చిన సమ్మక్క మంచాన్ని పొద్దున ఒక మూలకు, మధ్యాహ్నం ఒక మూలకు జరుపుకునేది. నేను పోతే నవ్వుతూ పలకరించేది. "తాతా, ఈడ పొద్దు తెలుస్తలేదు" అంది. ఆ పిల్ల నాతో అన్న ఆఖరి మాట అదే.

రోళ్లు పగిలే ఎండల్లో నొప్పి లేచింది. అంబులెన్సు వచ్చింది, వెంటనే వచ్చింది, రోడ్డు పక్కనే కదా ఇల్లు. పెద్ద దవాఖానాలో వాళ్లు చేయగలిగింది చేశారు. ఈసారి నొప్పి ఛాతీలోకి పాకిందన్నారు. పిల్ల తిరిగి రాలేదు.

గది వల్ల పోయిందని డాక్టరమ్మ అనలేదు. ఈ జబ్బు ఎప్పుడు ఎందుకు ముదురుతుందో చెప్పలేమంది. నేను కూడా అట్లాగే అనుకోవాలని చూస్తాను. కుదరడం లేదు.

సందు

వానలు మొదలయ్యాక రేంజి ఆఫీసు నుంచి కబురొచ్చింది. పాత చెక్కేనని తేలింది, తీసుకుపోవచ్చని. మేం పోయేసరికి ఆ బీటు ఆఫీసరమ్మాయి అక్కడే ఉంది. పిల్ల సంగతి ఆమెకు తెలిసిందని ముఖం చూస్తే అర్థమైంది. ఆవరణ గేటు తీసి పక్కకు జరిగి నిలబడింది.

రెక్కలు ఆవరణలో, పట్టుబడిన దుంగల పక్కన, ఎండకూ వానకూ పడి ఉన్నాయి. మెరుపంతా పోయి బూడిద రంగుకు తిరిగాయి. ఇప్పుడు ఎవరు చూసినా పాతవనే చెబుతారు.

నేను వాటిని నా ఇంటికి తీసుకుపోదామనుకున్నాను. ముత్తయ్య ఒప్పుకోలేదు. బిగించాల్సిందే అన్నాడు. వెంకటాచారి అన్నాళ్ల తర్వాత మళ్లీ సంచి పట్టుకుని వచ్చాడు. అలవాటు కొద్దీ చిత్రిక బయటికి తీశాడు, చూసుకుని మళ్లీ లోపల పెట్టేశాడు.

ఇన్ని వానలకు ఉబ్బి ఉంటాయి, పట్టవేమో అనుకున్నాను. కానీ వాడు కోసింది ఎండల్లో కదా, చుట్టూ రూపాయి బిళ్ల సందు వదిలే కోశాడు. ఉబ్బిన చెక్కతో ఆ సందు నిండిపోయింది. రెక్కలు చట్రంలో అతికినట్టు కూర్చున్నాయి. నా జన్మలో అంత బాగా పట్టిన కిటికీ ఇంకోటి చూడలేదు.

అవాళ వాన తెరిపి ఇచ్చి మళ్లీ ఎండ కాసింది. ముత్తయ్య లోపలికి పోయి రెక్కలు మూసి, గడియ వేసి, గది మధ్యలో నిలబడ్డాడు. పలకల సందుల్లోంచి చారలు ఒట్టి నేల మీద పడ్డాయి. మంచం అక్కడ లేదు. మేమిద్దరం గుమ్మంలోనే ఆగిపోయాం.

"సల్లగనే ఉన్నది మేస్త్రీ" అన్నాడు.

వెంకటాచారి వెనక్కి తిరిగి బయటికి పోయాడు.

చెక్క రెక్కల వల్ల ఇంటికి లాభమేమిటని మీ ఆఫీసుకు వచ్చినవాళ్లు అడిగారు కదా, అఫ్రీన్. పైన రాసిందంతా చెప్పు, అందులో అబద్ధం లేదు. కావాలంటే కాలనీకి తీసుకుపోయి ముత్తయ్య ఇంటి పడమటి గది చూపించు. ఎంత ఎండలోనైనా చల్లగా ఉంటుంది. ముత్తయ్యా, అతని భార్యా మాత్రం బయట అరుగు మీదే పడుకుంటారు.